బిళ్ళగన్నేరు ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందా?

"మా పెరట్లో బిళ్ళగన్నేరు మొక్క ఉంది. రోజూ పరగడుపున నాలుగు ఆకులు నమిలితే షుగర్ వ్యాధి తగ్గిపోతుందని మా పక్కింటివాళ్ళు చెప్తున్నారు. నమలవచ్చునా?"

ఇలాంటి ప్రశ్న ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది. కొందరు ఆకు అంటారు, కొందరు పువ్వు అంటారు, మరికొందరు వేరు కషాయం అంటారు. "దీనినుంచే కాన్సర్ మందు తీస్తారట కదా! మరి రోజూ రెండాకులు తింటే కాన్సర్ రాకుండా ఉండదా?" అని అడిగేవారూ ఉన్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. నమలవద్దు. షుగర్‌కూ వద్దు, కాన్సర్‌కూ వద్దు. ఈ మొక్కలోంచి కాన్సర్ మందు వస్తుందన్న మాట అక్షరాలా నిజం. అది నిజం కాబట్టే ఆకు నమలవద్దంటున్నాను. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో తెలియాలంటే ఈ మొక్క కథ కొంచెం తెలుసుకోవాలి. ఆ కథ డెబ్బై ఏళ్ళ క్రితం మొదలైంది. అందులో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని ఈ మధ్యనే, 2018 తర్వాత జరిగాయి.

ముందు మొక్కను గుర్తుపట్టండి

బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క. గులాబీరంగు లేదా తెల్లని పువ్వులు, అయిదేసి రేకులు, నున్నగా మెరిసే ఆకులు. ఏడాది పొడుగునా పూస్తుంది. నీళ్ళు పోసినా పోయకపోయినా గోడ పగుళ్ళలో కూడా బతుకుతుంది. దీని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. అక్కడినుంచి తోటల మొక్కగా ప్రపంచమంతా తిరిగి మన పెరటికి చేరింది.

ఇక్కడే మొదటి ప్రమాదం ఉంది. "గన్నేరు" అనే పేరు మనకు ఒకటికి మించి మొక్కలకుంది. గుడికి పూలు కోసే ఎర్రగన్నేరు వేరు, గంటల్లాంటి పసుపు పూలు పూసే పచ్చగన్నేరు వేరు, బిళ్ళగన్నేరు వేరు. మూడూ ఒకే కుటుంబానికి చెందినవే. మొదటి రెండింటిలో గుండెను దెబ్బతీసే విషం ఉంది. పచ్చగన్నేరు పప్పు తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. ఎవరో "గన్నేరాకు మంచిది" అన్నారని పేరు సరిగా వినక, మొక్క సరిగా చూడక ఇంకో ఆకు నమిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

జమైకా నుంచి వచ్చిన కవరు

1952లో కెనడాలోని టొరంటో నగరంలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు జమైకా దీవినుంచి ఒక కవరు వచ్చింది. లోపల పాతిక బిళ్ళగన్నేరు ఆకులున్నాయి. ఇన్సులిన్ దొరకనప్పుడు జమైకాలో షుగర్ రోగులు ఈ ఆకుల కషాయం తాగుతున్నారు, ఇందులో ఏముందో చూడండి అన్నది దాని సారాంశం.

ఈ క్లార్క్ నోబుల్‌కు షుగర్‌తో ఒక పాత సంబంధం ఉంది. 1921లో బాంటింగ్ ఇన్సులిన్ కనిపెట్టే ప్రయత్నంలో ఉన్నప్పుడు సహాయానికి ఇద్దరు విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు బెస్ట్, క్లార్క్ నోబుల్. ముందు ఎవరు వెళ్ళాలో తేల్చుకోవడానికి నాణెం ఎగరేశారనీ, బెస్ట్ గెలిచాడనీ చెప్తారు. బెస్ట్ పేరు చరిత్రలో నిలిచిపోయింది. నోబుల్ పేరు ఎవరికీ గుర్తులేదు.

అప్పటికి క్లార్క్ నోబుల్ వృత్తినుంచి విరమించుకున్నాడు. అందుకని ఆకులను తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపించాడు. ఆయన వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. రాబర్ట్ నోబుల్ ఆ ఆకుల సారాన్ని ఎలుకలకు నోటిద్వారా ఇచ్చి రక్తంలో చక్కెర కొలిచాడు. చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. సారాన్ని ఇంజక్షన్‌గా ఇచ్చి చూశాడు. ఎలుకలు కొద్దిరోజులకే చచ్చిపోయాయి!

ఎందుకు చచ్చిపోయాయి? ఒంట్లో చీముగడ్డలు పుట్టి, సూక్ష్మజీవులు చెలరేగి చచ్చిపోయాయి. వాటి రక్తం పరీక్షిస్తే తెల్లరక్తకణాలు దాదాపు అడుగంటిపోయి ఉన్నాయి. మన శరీరానికి కాపలా కాసే సిపాయిలు తెల్లరక్తకణాలే. సిపాయిలు లేని కోటలోకి శత్రువు నడుచుకుంటూ వస్తాడు కదా!

ఇంకొకరైతే "ఇది షుగర్ మందు కాదు, విషం" అని పారేసేవారు. నోబుల్ అలా చేయలేదు. తెల్లరక్తకణాలను తగ్గించే పదార్థం, అవి మితిమీరి పెరిగే రక్తకాన్సర్‌లో పనికిరావచ్చునేమో అని ఆలోచించాడు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1954లో ఆయనతో చేరాడు. ఇద్దరూ కలిసి ఆ పదార్థాన్ని వేరుచేసి 1958లో లోకానికి ప్రకటించారు. అదే విన్‌బ్లాస్టిన్. దాదాపు అదే సమయంలో అమెరికాలోని ఎలై లిల్లీ ఔషధ సంస్థలో గోర్డన్ స్వొబోడా అనే శాస్త్రజ్ఞుడు ఇదే మొక్కమీద పనిచేస్తున్నాడు. దాని తోబుట్టువు లాంటి రెండో మందు, విన్‌క్రిస్టిన్, ఆయన కృషి ఫలితం. 1963లో అమెరికా ప్రభుత్వం దాని వాడకానికి అనుమతి ఇచ్చింది.

ఒక సంగతి గమనించండి. షుగర్ మందు అనుకుని వెతికితే షుగర్ మందు దొరకలేదు. ఆకు సారం సరాసరి తెల్లరక్తకణాలమీద పడింది. "షుగర్ తగ్గుతుందట" అని మనం నమిలే ఆకు అదే.

ఈ మందు ఒంట్లో ఏం చేస్తుంది?

ఒక కణం రెండుగా విడిపోయేముందు లోపల సన్నని గొట్టాల్లాంటి దారాలు అల్లుకుంటాయి. ఆ దారాలే క్రోమోజోములను చెరోవైపుకూ లాగుతాయి. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఈ దారాలు అల్లుకోకుండా అడ్డుపడతాయి. విడిపోబోయిన కణం మధ్యలోనే ఆగి చచ్చిపోతుంది. కాన్సర్ కణాలు విపరీతంగా విడిపోతుంటాయి కాబట్టి దెబ్బ ముందు వాటికి తగులుతుంది.

కాని మందుకు మంచి కణం, చెడ్డ కణం అనే తేడా తెలియదు. ఎముక మూలుగలో రక్తకణాలు, వెంట్రుకల మొదళ్ళు, పేగు లోపలి పొర నిత్యం కొత్తగా తయారవుతుంటాయి. దెబ్బ వాటికీ తగులుతుంది. నరాలలో సరుకు రవాణా జరిగేది కూడా ఇలాంటి గొట్టాలమీదనే. అందుకని విన్‌క్రిస్టిన్ తీసుకునేవారికి కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి.

అంతమాత్రాన ఈ మందును తక్కువ చేయకూడదు. 1950 ప్రాంతంలో పిల్లలకు రక్తకాన్సర్ వస్తే దాదాపు ఆశ వదులుకోవలసిందే. ఇవాళ సంపన్న దేశాలలో పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం రక్తకాన్సర్‌కు చికిత్స పొందినవారిలో నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు. ఆ చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఒక ముఖ్యమైన మందు. దాంతోపాటు ఇచ్చే మెథోట్రెక్సేట్ వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉంది. అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనశాలలోనే ఆ జాతి మందులు తయారయ్యాయి.

ఒక్క ఇంజక్షన్‌కు ఎంత ఆకు కావాలి?

"మరి కాన్సర్‌ను చంపే మందు ఆకులో ఉన్నప్పుడు ఆకే తింటే ఏం?" అనేవారికి ఈ లెక్క చెప్పాలి.

ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్‌కైతే 2,000 కిలోలకు పైగా కావాలి. పెద్దవారికి ఒక్కసారికి ఇచ్చే విన్‌క్రిస్టిన్ మోతాదు సాధారణంగా రెండు మిల్లీగ్రాములు దాటదు. అంటే ఒక్క ఇంజక్షన్ వెనుక నాలుగు కిలోల ఎండుటాకు ఉందన్నమాట. పచ్చి ఆకైతే ఎన్ని బుట్టలవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఆకులో ఇదొక్కటే ఉంటే వేరు సంగతి. ఈ మొక్కలో ఆల్కలాయిడ్లు అనే ఘాటు పదార్థాలు నూటికి పైగా ఉన్నాయి. రక్తపోటుమీద పనిచేసేవి కొన్ని, నరాలమీద పనిచేసేవి కొన్ని. లేత ఆకులో ఒకలాగ, ముదురాకులో ఒకలాగ, ఒక మొక్కలో ఒకలాగ, ఇంకో మొక్కలో ఇంకోలాగ ఉంటాయి. కాన్సర్‌కు పనిచేసే మోతాదు ఆకు నమిలితే రాదు. రాకూడని మిగతావన్నీ వస్తాయి.

మొక్క ఈ మందును ఎలా చేస్తుంది?

ఇప్పుడు కొత్త సంగతులకు వద్దాం.

1958లో మందు దొరికింది. కాని మొక్క దాన్ని ఎలా తయారుచేస్తోందో పూర్తిగా తెలియడానికి 60 ఏళ్ళు పట్టింది. అది ఒక అడుగులో అయ్యే పని కాదు. దాదాపు ముప్ఫై అడుగులున్నాయి. ఒక్కొక్క అడుగుకూ ఒక్కొక్క ఎంజైము కావాలి. ఎంజైమంటే వంటవాడు అనుకోండి. ఒకడు తరుగుతాడు, ఒకడు వేయిస్తాడు, ఒకడు తాలింపు పెడతాడు. మధ్యలో ఒక్క వంటవాడు ఎవరో తెలియకపోయినా వంటకం మన చేతికి రాదు.

వంట మొదలయ్యే దినుసులు మామూలువే. ఒకటి గులాబీకి సువాసననిచ్చే జెరానియాల్ అనే పదార్థం. రెండోది మనం తినే పప్పూ పాలల్లో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి వచ్చేది. ఈ రెండు దారుల్లో వచ్చినవి కలిసి స్ట్రిక్టోసిడిన్ అనే పదార్థమవుతుంది. మలేరియా మందు క్వినైన్, సర్పగంధిలో ఉండే రక్తపోటు మందు రిసర్పిన్ కూడా ఆయా మొక్కల్లో దీనినుంచే పుడతాయి. బిళ్ళగన్నేరులో ఇది కాథరాంథిన్, విండోలిన్ అనే రెండు పదార్థాలుగా మారుతుంది. ఆ రెండూ జంటగా అతుక్కుంటే విన్‌బ్లాస్టిన్.

ఈ వంటవాళ్ళను వెతికినవారిలో ముఖ్యురాలు సారా ఒకానర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞురాలు. ఆమె మొదట అమెరికాలో, 2011 నుంచి ఇంగ్లండులోని జాన్ ఇన్స్ కేంద్రంలో పనిచేశారు. 2019 నుంచి జర్మనీలోని యేనా నగరంలో మాక్స్ ప్లాంక్ సంస్థలో ఒక విభాగానికి డైరెక్టరు. లోరెంజో కాపూటీ తదితరులతో కలిసి ఆమె 2018లో, అంతవరకూ దొరకకుండా తప్పించుకున్న చివరి ఎంజైములను కనిపెట్టారు. కెనడాలోని బ్రాక్ విశ్వవిద్యాలయంలో విన్సెంజో డి లూకా బృందం కూడా ఏళ్ళ తరబడి ఇదే పని చేసింది. విండోలిన్ తయారయ్యే ఏడు మెట్లను 2015లో ప్రకటించినది వారే.

మరి ఇంత వంటా ఆకులో ఎక్కడ జరుగుతోంది? 2023లో ఒకానర్ బృందం, అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో రాబిన్ బ్యూయెల్ బృందం కలిసి ఆకును ఒక్కొక్క కణంగా విడదీశారు. ఏ కణంలో ఏ జన్యువు పనిచేస్తోందో, ఏ పదార్థం నిలవ ఉందో విడివిడిగా చూశారు. ఒకే ఇంట్లో మూడు వంటిళ్ళున్నట్టు తేలింది. మొదటి మెట్లు ఈనెల పక్కనున్న కణాలలో, నడిమి మెట్లు ఆకు పైపొర కణాలలో, చివరి మెట్లు ఇడియోబ్లాస్టులు అనే అరుదైన కణాలలో జరుగుతున్నాయి. కాథరాంథిన్, విండోలిన్ పోగుపడి ఉన్నదీ ఆ అరుదైన కణాలలోనే. కాథరాంథిన్ ఆకు పైనున్న మైనపు పొరలోనూ, విండోలిన్ ఆకు లోపలా విడివిడిగా ఉంటాయని 2010లో డి లూకా బృందం చెప్పింది. కణం కణం చూడగలిగే పద్ధతి వచ్చాక ఆ చిత్రాన్ని సవరించుకోవలసి వచ్చింది.

నమిలితే పేలే మందుగుండు

ఇంత కష్టపడి ఈ ఘాటు పదార్థాలన్నీ మొక్క ఎందుకు చేసుకుంటోంది? మన కాన్సర్ కోసమా? షుగర్ కోసమా? కాదు. తనను తినవచ్చే పురుగుల్నీ, తెగుళ్ళనూ తరిమికొట్టడానికి.

ఫ్రాన్సులోని టూర్ నగరంలో విన్సెంట్ కూర్దవో బృందం 2010లో ఒక చిత్రమైన ఏర్పాటును బయటపెట్టింది. ఇందాక చెప్పిన స్ట్రిక్టోసిడిన్ ఆకు కణంలో ఒక సంచిలో నిలవ ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము అదే కణంలో వేరే గదిలో, కణకేంద్రంలో ఉంటుంది. ఆకు క్షేమంగా ఉన్నంతకాలం మందుగుండు ఒకచోట, నిప్పు ఒకచోట. పురుగు ఆకును కొరికి నమలగానే గోడలు పగిలి రెండూ కలుస్తాయి. దొరికిన ప్రొటీన్లనల్లా పట్టుకుని అతికించి పనికిరాకుండా చేసే పదార్థం పుడుతుంది. ఆ శాస్త్రజ్ఞులు దీన్ని ఏకంగా బాంబుతో పోల్చారు.

అంటే ఆకును నమలడమే ఆ ఏర్పాటును పేల్చే మీట. నమిలినది గొంగళిపురుగా, షుగర్ ఉన్న పెద్దమనిషా అన్న తేడా మొక్కకు తెలియదు.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న భయం కాదు. ఈ మొక్కను కాన్సర్ మందుగా నమ్మి కషాయం కాచి తాగిన ఒక రోగికి ఎముక మూలుగ తీవ్రంగా దెబ్బతిన్నదని 2004లో తైవాన్ వైద్యులు వైద్యపత్రికలో ప్రచురించారు. రాబర్ట్ నోబుల్ ఎలుకలలో చూసినది కూడా ఎముక మూలుగ దెబ్బతినడమే.

ఆకులు లేకుండా మందు

2019లో అమెరికాలో విన్‌క్రిస్టిన్ కరువు వచ్చింది. తయారీదారుల్లో ఒకరు మానుకోవడం, మిగిలిన ఒకరి సరఫరా చాలకపోవడంతో పిల్లల కాన్సర్ ఆసుపత్రులు మందును పొదుపుగా వాడుకోవలసి వచ్చింది. పొలాల్లో టన్నులకొద్దీ ఆకు పండించి గ్రాములకొద్దీ మందు తీసే పద్ధతిలో ఇలాంటి ఇబ్బందులు తప్పవు.

అందుకే 2022లో వచ్చిన ఒక వార్త ముఖ్యమైనది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో జీ ఝాంగ్, మైఖేల్ జెన్సన్, జే కీస్లింగ్ తదితరులు బిళ్ళగన్నేరు వంటవాళ్ళను తీసుకెళ్ళి ఈస్ట్‌లో కూర్చోబెట్టారు. ఈస్ట్ అంటే రొట్టె పిండిని పొంగించేదే. మొక్కల నుంచి తెచ్చిన 34 జన్యువులు చేర్చి, ఈస్ట్ సొంత జన్యువులను కొన్ని తీసివేసి, కొన్నిటిని సర్ది, మొత్తం 56 మార్పులు చేశారు. ఆ ఈస్ట్ విండోలిన్, కాథరాంథిన్ రెండింటినీ తయారుచేసింది. వాటిని రసాయన పద్ధతిలో జతచేసి విన్‌బ్లాస్టిన్ చేశారు. లీటరుకు మిల్లీగ్రాము కూడా రాలేదు. కాని దారి దొరికింది. 2018 నాటి ఎంజైములు తెలియకపోతే ఈ పని జరిగేదే కాదు.

షుగర్ ఉన్నవారికి

బిళ్ళగన్నేరు సారం జంతువులలో చక్కెర తగ్గించిందని చెప్పే ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. కాని మనుషులలో ఇంత మోతాదు, ఇంత ఫలితం, ఇంత క్షేమం అని నమ్మకంగా చెప్పగలిగిన ఆధారం లేదు. ఆకులు నమ్ముకుని మాత్రలు మానేసినవారికి అసలు ప్రమాదం ఆకుల్లోనే కాదు, మానేసిన మాత్రల్లోనూ ఉంది. చక్కెర పెరిగినా చాలాకాలం నొప్పి తెలియదు. ఈలోగా కళ్ళు, మూత్రపిండాలు, పాదాల నరాలు చల్లగా దెబ్బతింటాయి. ఇన్సులిన్ మీదనే బతికే పిల్లలకూ యువకులకూ ఇన్సులిన్ మానిపిస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

"మాత్రలు కెమికల్స్, ఆకులు సహజం" అనేవారికి ఒక సంగతి. షుగర్‌కు ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ కథ కూడా ఒక మొక్కతోనే మొదలైంది. యూరప్‌లో గలీగా అనే మొక్కలోని పదార్థం చక్కెర తగ్గిస్తుందని తెలిసింది. కాని అది విషం కూడా. దాని బంధువులను ప్రయోగశాలలో తయారుచేసి, విషం తక్కువ, గుణం ఎక్కువ ఉన్నదాన్ని ఏరుకున్నారు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దాన్ని మనుషులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. కాబట్టి మొక్క చేసే మేలు మీకు బిళ్ళ రూపంలో అందుతూనే ఉంది. బిళ్ళగన్నేరు మానండి, బిళ్ళ మానకండి!

మీ ఇంట్లో పిల్లలకు ఈ మందు ఇస్తున్నారా?

అలాంటి తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలూ ముఖ్యం.

1. చికిత్స మధ్యలో మానకండి. రక్తకాన్సర్ చికిత్స సాధారణంగా రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదటి నెల గడిచేసరికి పిల్లవాడు ఆడుకుంటుంటే "నయమైపోయింది" అనిపిస్తుంది. కాని దాగి ఉన్న కణాలు మిగిలే ఉంటాయి. మన దేశంలో ఫలితాలు తక్కువగా ఉండడానికి చికిత్స మధ్యలో మానుకోవడం ఒక పెద్ద కారణం. ఖర్చే ఇబ్బంది అయితే ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాలు వర్తిస్తాయేమో ఆసుపత్రిలోనే అడగండి.

2. మలబద్ధకం, దవడ నొప్పి, కాళ్ళ తిమ్మిరి, నడిచేటప్పుడు పాదం వాలిపోవడం కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మోతాదు సర్దుతారు. ఊడిన జుట్టు మళ్ళీ వస్తుంది.

3. ఇంజక్షన్ ఎక్కుతుండగా చెయ్యి మండుతోందని పిల్లవాడు అంటే వెంటనే నర్సును పిలవండి. మందు నరం దాటి బయటికి కారితే అక్కడి కండను కాల్చేస్తుంది.

4. ఈ మందు రక్తనాళంలోకి మాత్రమే ఇవ్వాలి. వెన్నులోకి వెళితే ప్రాణాంతకం. వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్‌తో పొరపాటు పడకుండా, విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఆ జాగ్రత్త గురించి అడగడం మీ హక్కు. అడిగారని మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు.

కొన్ని ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఆరునెలలుగా రోజూ రెండాకులు తింటున్నాను. నాకేమీ కాలేదు. మానాలా?

జవాబు: మానండి. ఏమీ కాలేదని రక్తపరీక్ష చెప్పాలి గాని మన ఊహ కాదు. ఆకుల సంగతి దాచకుండా మీ డాక్టరుకు చెప్పి తెల్లకణాల లెక్క, మూడునెలల సగటు చక్కెర చూపే పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఆకులు తింటూ మాత్రలు కూడా వేసుకుంటే?

జవాబు: అదీ వద్దు. ఆకు చక్కెర తగ్గించదనుకుంటే తినడం దండగ. తగ్గిస్తుందనుకుంటే ఎంత తగ్గిస్తుందో తెలియని దాన్ని మాత్రకు జతచేస్తున్నారు. చక్కెర ఒక్కసారిగా పడిపోతే చెమటలు పట్టి, వణికి, స్పృహ తప్పవచ్చు.

ప్రశ్న: బి.పి.కి వేరు కషాయం మంచిదంటారు?

జవాబు: వేరులో అజ్మలిసిన్ అనే రక్తపోటు మందు ఉన్న మాట నిజం. దాన్ని కర్మాగారాల్లో శుద్ధిచేసి, తూచి తీస్తారు. ఇంట్లో కాచిన కషాయంలో అది ఎంత ఉందో, దాంతో ఇంకేమున్నాయో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: గర్భిణి తినవచ్చునా?

జవాబు: ఎంతమాత్రం వద్దు. విడిపోయే కణాలను ఆపే పదార్థాలు ఇందులో ఉన్నాయని చెప్పాను. కడుపులో బిడ్డ పెరగడమంటేనే కణాలు విడిపోవడం.

ప్రశ్న: పసివాడు ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ఏం చేయాలి?

జవాబు: నోట్లోది తీసివేసి నోరు కడగండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. ఆకునో కొమ్మనో వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. అది ఏ గన్నేరో డాక్టరు చూడాలి.

ప్రశ్న: అయితే పెరట్లో మొక్కను పీకేయాలా?

జవాబు: అక్కర్లేదు. ముట్టుకుంటే ఏమీ కాదు. పూలు దేవుడికి పెట్టుకోండి. పిల్లలకూ, పశువులకూ మేత కాకుండా మాత్రం చూసుకోండి.

మందూ విషమూ ఈ మొక్కలో ఒకటే. మోతాదు తూచేవాడు ఉంటే మందు, లేకపోతే విషం. ఆ తూకం నేర్చుకోవడానికి కెనడానుంచి డెన్మార్క్ దాకా ఇందరు శాస్త్రజ్ఞులకు డెబ్బై ఏళ్ళు పట్టింది. పరగడుపున పెరట్లో నిలబడి మనం అరనిమిషంలో తూచలేము. మీకు షుగర్ ఉంటే ఇవాళ వేసుకోవలసిన మాత్ర వేసుకున్నారో లేదో ఒక్కసారి చూసుకోండి.